బోర్డు లేని గది

మా చిన్నత్త పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను ముత్తుకూరులో జిరాక్స్ షాపులో ఉన్నాను. మిషన్ మీద ఉన్నది ఆమె ఆధార్ కార్డే. మా ఆయన రెండు ముక్కల్లో విషయం చెప్పి ఫోన్ పెట్టేశాడు. ఎన్ని కాపీలు కావాలని షాపతను అడిగాడు. రెండు అన్నాను. తీసిచ్చాడు. డబ్బులిచ్చి, చిల్లర తీసుకుని, కాపీలు మడత పడకుండా కవర్లో పెట్టుకుని, బయటికొచ్చి ఆటో కోసం నిలబడ్డాను. ఇది జరిగి ఇరవై రోజులవుతోంది. ఏడుపు ఇంకా రాలేదు. రానందుకు సిగ్గుపడాలో భయపడాలో కూడా తెలియడం లేదు.

ఆమె మా ఆయనకు పిన్నమ్మ, నాకు చిన్నత్త. మాది ముత్తుకూరుకు తూర్పున, సముద్రం ఒడ్డున ఒకే ఒక్క వీధి ఉన్న పల్లె. నలభై ఏళ్ళు ఆమె చేపల గంప మోసింది. ఆ రోజు పొద్దున కూడా కానాగంత చేపలు కడుగుతూ ఉండగా గుండె పట్టుకుని కూలబడిందట. నెల్లూరుకు తీసుకెళ్తుంటే దారిలోనే ప్రాణం పోయింది. చేతులు కడుక్కోవడానికి కూడా వ్యవధి లేకపోయింది.

ఆ కాపీలు దేనికో చెప్పాలి. ఆడవాళ్ళ మీద, ఆడపిల్లల మీద హింస జరగకముందే ఆపడానికి ఊళ్ళలోని మహిళా సంఘాలకు చిన్న చిన్న గ్రాంట్లు ఇచ్చే సంస్థ ఒకటి నెల్లూరులో ఉంది. ఆరేళ్ళ కిందట మా సంఘానికి ఒక గ్రాంటు వచ్చింది. సంఘానికి అధ్యక్షురాలు చిన్నత్త. దరఖాస్తు రాసింది నేను, ఎందుకంటే మా వీధిలో డిగ్రీ చదివిన కోడల్ని నేనొక్కదాన్నే, ఆ సంగతి అందరికీ గుర్తుండేలా నేనే చూసుకునేదాన్ని. ఏం రాయాలని ఆమెను అడిగితే, ఆడబిడ్డ వచ్చి కూర్చోవడానికి నాలుగు గోడలు అడగమంది. ఆ ఒక్క మాటను నేను రెండు పేజీలు చేశాను.

పాత వలలు దాచుకునే గదికి సున్నం కొట్టించాం. రెండు బెంచీలు, ఒక ఫ్యాను తెచ్చాం. బోర్డు పెట్టాలన్న ఆలోచన మాత్రం పూర్తిగా నాదే. నెల్లూరు వెళ్ళి ఫ్లెక్సీ కొట్టించాను. 'హింసకు గురైన మహిళల సహాయ కేంద్రం' అని ఎర్రటి అక్షరాలు, పక్కన మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడుస్తున్న ఆడమనిషి బొమ్మ. చిన్నత్తకు చదువు రాదు. బొమ్మ చూసి ఈమె ఎందుకు ఏడుస్తోందని అడిగింది. చెప్పాను. ఏదో అనబోయి, చదువుకున్న కోడలికి తెలియదా అనుకుందేమో, ఊరుకుంది. ఆమె ఆ ఒక్కసారి ఊరుకోకుండా ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

మూడు వారాలు ఆ గడప ఎవరూ తొక్కలేదు. ఎవరింట్లో ఏం పులుసు కాగుతోందో వీధి చివరికి తెలిసిపోయే ఊరు మాది. ఆ బోర్డు కింద నుంచి లోపలికి వెళ్ళడమంటే నా మొగుడు నన్ను కొడుతున్నాడని దండోరా వేయించుకోవడమే. ఇది ఊళ్ళో చిన్నపిల్లను అడిగినా చెబుతుంది. నేను అడగలేదు.

ఒకరోజు పదిగంటలప్పుడు, మా ఊరికి కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల ఒకతి మెట్టు దాకా వచ్చింది. పదో తరగతి చదివింది. తలెత్తి బోర్డు చదివింది. ఎదురింటి అరుగు మీద వాళ్ళ అత్త చెల్లెలు చింతపండులో గింజలు తీస్తూ కూర్చుని ఉంది. ఆ పిల్ల వంగి, చెప్పు సర్దుకున్నట్టు నటించి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. లోపల్నుంచి నేనంతా చూశాను. పిలవలేదు. రేపు వస్తుందిలే అనుకున్నాను. ఎనిమిది రోజుల తరువాత మొగుడు కొట్టిన దెబ్బకు ఆ పిల్ల ఎడమ చెవి లోపల పగిలింది. ఆ చెవి ఇప్పటికీ వినపడదు.

తిట్లు తినడానికి సిద్ధపడి చిన్నత్తకు జరిగినదంతా చెప్పాను. ఆమె తిట్టలేదు. స్టూలు తెచ్చుకుని ఎక్కి, చేపలు కోసే కత్తితో తాళ్ళు తెంపింది. కిందపడ్డ ఫ్లెక్సీని ఇసకలో బోర్లా పరిచి, దాని మీద నెత్తళ్ళ చేపలు ఎండబోసింది. అప్పుడు అంది.

"బోర్డు అంగడికి పెడతారమ్మే. దెబ్బకు పెడతారా?"

అంతే. తిట్టి ఉంటే ఆ రోజుతో పోయేది.

ఆ పిల్లను చిన్నత్తే ఆసుపత్రికి తీసుకెళ్ళింది, పోలీసు స్టేషన్‌కు తీసుకెళ్ళింది, తరువాత కోర్టు వాయిదాలకు కూడా తోడు వెళ్ళింది. ఆ పిల్ల ఇప్పుడు నాయుడుపేటలో పుట్టింటి దగ్గర ఉంటూ బట్టల షాపులో పనిచేస్తోంది. నాతో మాట్లాడుతుంది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు, ఆ విషయం ఎత్తే ధైర్యం నాకూ లేదు.

బోర్డు తీసేసిన వారంలోనే చిన్నత్త గదిలోకి ఐస్ తెచ్చింది. అంతకుముందు మా ఊరి ఆడవాళ్ళు ఐస్ కోసం రేవు దాకా నడిచేవాళ్ళు. ఇప్పుడు దిమ్మలు గదిలోనే దిగుతాయి. పొద్దున్నే ఎవరి బేసిన్ వాళ్ళు పట్టుకొచ్చి, కొయ్య సుత్తితో ఐస్ చితక్కొట్టుకుని, చేపల మీద పోసుకుని, నెల్లూరు ఆటో వచ్చేదాకా బెంచీల మీద కూర్చుంటారు. అరగంట, ముప్పావుగంట. ఆడవాళ్ళందరూ రోజూ వచ్చే చోటికి ఏ ఆడదైనా రావచ్చు, ఎందుకొచ్చిందని ఎవరూ పట్టించుకోరు. చిన్నత్త ఎత్తు అదే.

ఆ గదికి ఆమె పెట్టిన నియమం ఒక్కటే. లోపలికి వచ్చినవాళ్ళను ఎందుకొచ్చావని అడగకూడదు. జరిగి చోటివ్వాలి. ఎవరికైనా చెప్పుకోవాలనిపిస్తే ఆమె సుత్తి అందుకుని అటు తిరిగి ఐస్ కొట్టడం మొదలుపెట్టేది. మొదట్లో నాకది మర్యాదగా అనిపించలేదు. మనిషి గోడు చెప్పుకుంటుంటే ఎదురుగా కూర్చుని వినాలి కదా అన్నాను. ముఖం చూస్తే నోరు రాదని, వీపుకైతే చెప్పుకుంటారని అంది. నిజంగానే చెప్పుకునేవాళ్ళు. ఏ ట్రైనింగులోనూ నాకు ఎవరూ ఈ మాట చెప్పలేదు.

మగవాళ్ళ దగ్గరికీ వెళ్ళేది. తాగి ఉన్నప్పుడు కాదు. మర్నాడు ఒడ్డున వల బాగుచేసుకుంటుంటే పక్కన చేరి, తనూ ఒక కొస పట్టుకుని కూర్చునేది. తాగినవాడితో మాట్లాడితే గోడతో మాట్లాడినట్టేనని, తెల్లారాక వాడికి కాస్త సిగ్గుంటుందని, ఆ సిగ్గు ఆరిపోకముందే మాట్లాడాలని ఆమె లెక్క. అందరూ మారారని చెప్పను. కొందరు మారారు. కొందరు ఆమెను చూస్తే దారి తప్పించుకుని వెళ్ళేవాళ్ళు, అదీ మంచిదే అనేది.

ఊరి పెద్ద ఒకాయన వచ్చి, ఇళ్ళ గుట్టు రచ్చకెక్కిస్తున్నావటే అని నిలదీశాడు. ఐస్ అమ్ముకుంటున్నానయ్యా, నీకెంత కావాలి అంది. చుట్టూ ఆడవాళ్ళు చూస్తుండగా ఏం చెయ్యాలో తోచక ఆయన అరదిమ్మ కొనుక్కుని వెళ్ళాడు. ఆ పూట ఆయనింట్లో చేపలు కూడా లేవు.

గ్రాంటు ఇచ్చిన సంస్థ నుంచి మేడం ఒకామె తనిఖీకి వచ్చింది. బోర్డేది, ఫోటోలేవి, వచ్చినవాళ్ళ పేర్లు రాసిన రిజిస్టరేది అని అడిగింది. ఒక్కటీ లేదు. ఫ్లెక్సీ మీద నెత్తళ్ళు ఎండుతున్నాయి. నేను వెళ్ళి దానికి అడ్డంగా నిలబడ్డాను. చిన్నత్త మాత్రం ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టి, ఆటో వెళ్ళేదాకా ఉండి చూడమంది. మేడం కూర్చుంది. ఆడవాళ్ళు వచ్చారు, ఐస్ కొట్టుకున్నారు, ధరల గురించి పోట్లాడుకున్నారు, నవ్వారు, వెళ్ళారు. వీళ్ళలో సహాయం కోసం వచ్చింది ఎవరని మేడం అడిగింది.

"నీకు తెలీలేదు గదమ్మా," అంది చిన్నత్త. "అదే మా పని."

మేడం ఏం రాసుకుందో తెలియదు కానీ రెండో ఏడాది కూడా గ్రాంటు వచ్చింది.

ఐసే ఎందుకు, ఇంకేదైనా పెట్టవచ్చు కదా అని నేను ఒకసారి అడిగాను. ముసురు పట్టి ఎవరూ రాని రోజు. మా చిన్నమామ పోయి అప్పటికి పదేళ్ళు. ఊరంతా ఆయన్ను మంచివాడనే చెప్పుకునేది, నేనూ అలాగే అనుకున్నాను. చిన్నత్త అటు తిరిగి ఐస్ మీద గోనెపట్టా కప్పుతూ చెప్పింది.

"గంపలో ఐసు ఉండబట్టి నా మొకం నిలిచిందమ్మే. చేపల మీదిది తీసి దవడకు పెట్టుకునేదాన్ని. చేపల ఆడది ఐసు పట్టుకుంటే ఎవురడగతారు?"

ఆ రోజు ఆమె నా వైపు తిరగలేదు. ఆమె వీపు చూస్తూ కూర్చున్నాను.

గ్రాంటు రెండేళ్ళతో అయిపోయింది. ఆ తరువాత మేమే నెట్టుకొచ్చాం. పోయిన వానాకాలానికి పైకప్పు ఒకవైపు కుంగింది. బాగుచేయించకపోతే ఇంకో వాన ఆగదు. అందుకని మళ్ళీ దరఖాస్తు పెడుతూ, ఆమె ఆధార్ కార్డు తీసుకుని ఆ రోజు ముత్తుకూరు వెళ్ళాను. కార్డు ఇస్తూ, ఈసారి ఏడ్చే బొమ్మ వెయ్యకు అని నవ్వింది. అదే ఆమె నాతో అన్న చివరి మాట. నేను కూడా నవ్వాననే అనుకుంటున్నాను.

కర్మ అయ్యేదాకా గది మూసే ఉంచాం. ఆ రోజుల్లో నేను పనులన్నీ చేశాను. వచ్చినవాళ్ళకు కాఫీలిచ్చాను, చాపలు పరిచాను, తీశాను. నాయుడుపేట నుంచి ఆ పిల్ల వచ్చి గుండెలు పగిలేలా ఏడుస్తుంటే నీళ్ళు తాగించాను. నాకేమో మొద్దుబారిన చేతిని గిల్లుకున్నట్టుగానే ఉంది. దరఖాస్తులో అధ్యక్షురాలి పేరు మార్చి పంపమని సంస్థ వాళ్ళు ఫోన్ చేశారు. సంఘంలో అందరూ నా పేరు రాయమన్నారు. పేరు రాయడానికి ఎంతసేపు? కానీ ఆడవాళ్ళు ఇన్నాళ్ళూ వచ్చింది గదికి కాదు, ఆమె దగ్గరికి. ఆమె లేకపోతే అది వట్టి ఐస్ కొట్టు. పైగా ఒకసారి మెట్టు దాకా వచ్చిన మనిషిని చూస్తూ చూస్తూ వెనక్కి పోనిచ్చినదాన్ని నేను. ఐస్ కొట్టుకు పైకప్పు ఉంటే ఎంత, లేకపోతే ఎంత అనిపించింది.

మొన్న గది తెరిచాను. నలుగురు వచ్చారు, తరువాత ఇంకో నలుగురు. ఎవరూ ఎక్కువ మాట్లాడలేదు. దిమ్మ దించి, సుత్తులు అందుకున్నారు. అప్పుడొచ్చింది ఒకామె. పాతికేళ్ళుంటాయి. మా ఊరిది కాదు, పక్క పల్లె మనిషి. చేతిలో బేసిన్ లేదు, గంప లేదు. గడప దగ్గరే నిలబడింది. ఎందుకొచ్చావమ్మా అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ఐస్ ఎంత కావాలని అడిగాను.

"ఐసు వద్దక్కా. రొంతసేపు కూచోనా?"

జరిగి చోటిచ్చాను. ఆమె కూర్చుంది. అటు తిరిగి సుత్తి తీసుకోవాలని గుర్తొచ్చి లేచాను. రెండు దెబ్బలు కొట్టి విన్నాను. ఏమీ చెప్పలేదు. ఇంకో రెండు కొట్టాను. నా చేతకానితనం ఇక్కడే బయటపడిందనుకుని వెనక్కి తిరిగితే, ఆమె గోడకు తల ఆనించి నిద్రపోతోంది. నోరు కొద్దిగా తెరుచుకుని, పసిపిల్ల పడుకున్నట్టు. ఎన్ని రాత్రులైందో కన్ను మూసి.

నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. సుత్తులు వాటంతట అవే ఆగిపోయాయి. ఒకామె ఫ్యాను ఆమె వైపు తిప్పింది. బయట నెల్లూరు ఆటో వచ్చి హారన్ కొట్టింది. చివర కూర్చున్న ముసలామె గభాలున లేచి వెళ్ళి, నోరు మూసుకోమని ఆటో అతనికి సైగ చేసి, వెళ్ళిపొమ్మని చెయ్యి ఊపింది. ఆటో వెళ్ళిపోయింది. ఆ రోజు బేరం దానితోపాటే పోయింది. సగం చితక్కొట్టిన దిమ్మ కరిగి నీళ్ళు గదంతా పారుతున్నాయి. ఎనిమిదిమంది ఆడవాళ్ళు ఆ నీళ్ళలో చప్పుడు కాకుండా నిలబడి, ఆమె లేచేదాకా ఉన్నారు.