సుభద్రక్క ఏది ఎంచుకుంది?

నిన్న పొద్దున గుడివాడ వెళ్తూ మొవ్వ దగ్గర బస్సులో ఉన్నాను. మా వీధి నాగమణి ఫోన్ చేసింది.

"సుభద్రక్క పోయిందంట వదినా."

ఏ సుభద్రక్క అని అడిగాను. నాకు తెలిసిన సుభద్రక్క ఒక్కరే. అయినా అడిగాను.

గుండెపోటు. మచిలీపట్నం హాస్పిటల్‌కి తీసుకెళ్తుంటే దారిలోనే అయిపోయిందట.

బస్సు దిగేసి నాగాయలంక వైపు వచ్చే బస్సు ఎక్కాను. ఇంటికి ఎలా చేరానో సరిగ్గా గుర్తులేదు.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. అక్క జూనియర్ కాలేజీలో క్లర్కుగా చేసి రిటైరయ్యారు. ఊరి నీళ్లూ గాలీ పాడైపోతుంటే చూస్తూ కూర్చోలేక మా వీధిలో కొందర్ని కలిపి గ్రూప్ పెట్టింది ఆవిడే. "అన్నీ మొదలెడితే ఏదీ అవ్వదర్రా. ఒక్కటే పట్టుకుందాం" అనేవారు.

వచ్చే ఆదివారం మీటింగ్‌లో ఆ ఒక్కటి ఏదో తేలాలి.

నేను మొదటినుంచీ నీళ్ల గురించే పట్టుబట్టాను. రొయ్యల చెరువుల నీళ్లు వదిలే కాలవ మా పెరటి వెనకే. మా బోరు నీళ్లు ఉప్పగా మారిపోయాయి. మొన్నామధ్య అక్క మా ఇంటికొచ్చి, వద్దంటున్నా ఆ నీళ్లు గ్లాసుతో తాగారు. మొహం చిట్లించారు కానీ ఉమ్మలేదు. మొత్తం తాగి, "ఇదేనమ్మా మన పని. ఇంకో మాట లేదు" అన్నారు.

అక్క నా వైపేనని ధీమాగా ఉన్నాను.

నిన్న సాయంత్రం, అన్నీ అయ్యాక, అక్క వాళ్ల అరుగు మీద కూర్చున్నాం. నాగమణి వాళ్లది చేపల వేటకు వెళ్లే కుటుంబం. తెగిపోయిన వలలు నదిపాయలో అడుగున పడి ఉండి, వాటిలో చేపలు చిక్కుకుని చచ్చిపోతున్నాయని వాళ్ల బాధ. అక్క ఒకరోజు వాళ్ల పడవెక్కి, కుచ్చిళ్లు దోపుకుని, తనూ ఒక వల లాగారట. అందులో చచ్చిన తాబేలు వచ్చిందట.

"ముందు వలలే నాగమణీ, మాటిస్తున్నానంది వదినా" అని నాగమణి ఏడ్చింది.

నాకేం అర్థం కాలేదు.

గ్రూప్‌లో ఉన్న మాస్టారు మెల్లగా అన్నారు, "నాతో ప్లాస్టిక్ అన్నారే. కాలవగట్టు మీద తగలబెట్టే చెత్త ముందు ఆపుదామన్నారు."

ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

అక్క అబద్ధం చెప్పే మనిషి కాదు. ఎవరి దగ్గరికి వెళ్తే వాళ్ల బాధే పెద్దదనిపించిందా? మేం విడిపోతామని భయపడ్డారా? ఆదివారం మా అందరి ముందూ ఏం చెబుదామనుకున్నారు?

నిన్నటినుంచీ ఇదే బుర్రలో తిరుగుతోంది. ఏడుపు కూడా సరిగ్గా రావడం లేదు.

అక్క భర్త, బావగారిని అడిగాం.

"నన్నూ అడిగిందమ్మా, మీరైతే ఏది ఎంచుకుంటారని. నాకెందుకే ఇవన్నీ అని పేపర్ చదువుకున్నాను" అన్నారు. తర్వాత ఆయనే, "మీటింగ్ మానకండి. ఇక్కడే పెట్టుకోండి. నేనూ కూర్చుంటాను" అన్నారు.

రేపు నాగమణి వాళ్ల పడవలో వెళ్తున్నాను. ఇన్నాళ్లూ వాదించానే కానీ ఆ వలలు నేనెప్పుడూ చూడలేదు. చూస్తే తేలుతుందో, ఇంకా చిక్కుపడుతుందో తెలియదు.

అక్కా, మీ మనసులో ఏముందో చెప్పకుండానే వెళ్లిపోయారు. ఏం పర్లేదు. ఇక మీరు ఎవరికీ ఏ మాటా ఇవ్వక్కర్లేదు. హాయిగా, ప్రశాంతంగా ఉండండి.