ముదురు పాకం, మూడు రీడింగులు

మార్కాపురంలో బీఫార్మసీ రెండో ఏడు చదివే ఆ రోజుల్లో, ద్రవం కనిపిస్తే నా చేయి ఊరుకునేది కాదు. పారడానికి ద్రవం చేసే మొరాయింపే స్నిగ్ధత అని మా సారు చెప్పినప్పటి నుంచి, హాస్టల్ సాంబారు (దానికి మొరాయింపు బొత్తిగా లేదు) మొదలు దగ్గు మందు దాకా అన్నిటినీ వంచి చూసి తల పంకించేవాణ్ణి. ఇంట్లోవాళ్లు అప్పుడే నన్ను అనుమానించాల్సింది. పాపం, నమ్మారు.

అక్కకు కొత్తగా పెళ్లయింది. మర్నాడు సారెతో గిద్దలూరు అత్తగారింటికి వెళ్లాలి. సారె అరిసెలను అక్కడ ఇంటింటికీ పంచుతారు, కొరికి చూసి పుట్టింటి పనితనం తేలుస్తారు. అందుకే తర్లుపాడులో మా పెరట్లో అవ్వే స్వయంగా బెల్లం పాకం దగ్గర కూర్చుంది. నీళ్ల పళ్లెంలో పాకం చుక్క వేసి, వేళ్లతో ఉండ కట్టి చూస్తోంది. నాలోని శాస్త్రజ్ఞుడు లేచాడు. "అవ్వా, ఇట్ల చూస్తే లెక్క రాదు. గుండు వేసి, అడుక్కు పోయే టైము చూడాల. పాకం చిక్కగుంటే గుండు మెల్లగా దిగుతాది," అన్నాను. "పాకం ఆగదు నాయనా," అంది అవ్వ, పిండి దగ్గరికి లాక్కుంటూ. మా నాయన గర్వంగా, "పిల్లోడు చదివింది చెప్తన్నాడు, ఒక్క నిమిషం ఆగమ్మా," అన్నాడు.

పొడుగాటి స్టీలు గ్లాసులో పాకం పోసి సైకిల్ బేరింగు గుండు వదిలాను. నల్లటి పాకంలో గుండు కనిపించదు కాబట్టి, అడుగున తగిలే చప్పుడు కోసం గ్లాసుకు చెవి ఆనించాను (చెవి కాలింది, శాస్త్రం కోసం ఓర్చుకున్నాను). టంగుమంది. అవ్వ పిండి ఎత్తింది. "ఉండవ్వా, ఒక్క రీడింగు చాలదు. మూడు తీసి సరాసరి కట్టాల," అన్నాను. మా ల్యాబులో అదే పద్ధతి. మళ్లీ పాకం పోసి ఇంకో గుండు వేస్తే చప్పుడు చాలాసేపటికి వచ్చింది. మూడోసారి రానే లేదు. "ఏందిరా, ఇంకా పడలేదా?" అంది అవ్వ. పొయ్యి మీది పాకం నా సరాసరి కోసం ఆగకుండా ముదిరిపోయిందని అప్పటికి గానీ నాకు తట్టలేదు.

ఇంట్లో వేరే బెల్లం లేదు, దుకాణం కట్టేశారు. ఆ పాకంలోనే పిండి కలిపారు. అరిసెలు మా మార్కాపురం పలకల్లా తయారయ్యాయి. అక్క ఒకటి కొరకబోయి, కింద పెట్టి, కళ్లు తుడుచుకుంది.

రెండు రోజులకు అక్క ఫోను చేసింది. "మా అత్త వాటిని రోట్లో దంచి, పాలల్లో నానేసి, గ్లాసుల్లో పోసి పంచిందిరా. ఇదేం సారె అని ఇరుగుపొరుగోళ్లు అడిగితే, మా పుట్టింట్లో ఇట్లనే అని చెప్పినా. శానా బాగుందంట."

ఇప్పుడు నేను సిరప్‌ల కంపెనీలో స్నిగ్ధత కొలిచే ఉద్యోగమే చేస్తున్నాను. మొన్న పిన్ని కూతురి సారెకు అందరినీ పిలిచారు, నన్ను మాత్రం పాకం దించాక రమ్మన్నారు. దించాకే వెళ్లాను. అరిసెలు మెత్తగా, చక్కగా కుదిరాయి. అందరూ తిని, చేతులు కడుక్కుని, మా అక్క సారె గురించి మాట్లాడుకున్నారు.