గీత ముట్టే అన్న

గల్ఫ్‌లోని సఖీర్‌లో మా కాలేజీ ఫుట్‌బాల్ జట్టు ఫార్వర్డ్‌ని నేను అన్నా అనే పిలిచేవాణ్ణి. నిజామాబాద్ దగ్గరి పల్లెలో కబడ్డీ ఆడుతూ పెరిగినవాడు. బంతితో దూసుకుపోతూ కూడా సన్నగా కూత పెట్టేవాడు. బంతి ఎవరికైనా ఇచ్చాడా, వెంటనే మధ్యగీత దాకా వెనక్కి పరుగెత్తుకొచ్చేవాడు.

అందరం వెనకే ఉండి గోల్ కాచుకున్నన్నాళ్లూ అది చెల్లింది. కొత్త కోచ్ వచ్చి ఆటే మార్చేశాడు. ముందుకెళ్లినవాళ్లు అవతలి గోల్ దగ్గరే ఉండాలన్నాడు. అన్న మాత్రం తిరిగొచ్చేస్తూనే ఉన్నాడు.

"సెమీఫైనల్లో ఒక్కసారి వెనక్కొచ్చినా ఖలాస్, బయట కూర్చుంటావు," అన్నాడు కోచ్.

"ఏం జెయ్యాలె తమ్మీ, కాళ్లు ఇంటలేవ్!" అని అన్న నా దగ్గర నవ్వాడు.

ఆ సెమీఫైనల్ చివర్లో నాకు బంతి ఇచ్చి, అలవాటుగా వెనక్కి తిరిగాడు. కోచ్ లేచి నిలబడ్డాడు. అన్న రెండడుగులు వేసి ఆగిపోయాడు. నేను బంతి మళ్లీ అతనికే ఇచ్చాను. గోల్!

సంబరంగా మీద పడబోతే, అందరినీ తప్పించుకుని ఒకటే పరుగు. కోచ్‌తో సహా వెంటపడ్డాం. మధ్యగీత మీద చెయ్యి ఆనించాకే అన్న ఊపిరి వదిలాడు.

"గీత ముట్టకుంటే పాయింటు ఎట్లొస్తది తమ్మీ?"