గ్యాంగుమాను మాట

కోటిపల్లి రేవులో పంటు దిగి రిక్షా ఎక్కామంటే నా తలప్రాణం తోకకొచ్చేది. మా అత్తగారి పుట్టిల్లు అక్కడికి దగ్గరే. అయినా అవతలి ఒడ్డున మా ముక్తేశ్వరంలో పొద్దున్నే బయల్దేరితే మిట్టమధ్యాహ్నానికి గాని చేరేవాళ్ళం కాదు. కారణం దారిలో ఉన్న వంతెన. మురుగుకాలవ మీద మూడు కమానుల రాతివంతెన. దాని మీద పట్టాలు లేవు, దారీ లేదు. తుమ్మమొక్కలు, ఎవరో ఎండేసిన పిడకలు, అంతే. ఆవిడ మాత్రం అక్కడ రిక్షా ఆపించాల్సిందే, దిగాల్సిందే, ఆ రాళ్ళు తడిమి చూడాల్సిందే.

తొంభైల మొదట్లో, కొత్తకోడల్ని, ఎండకి ఆగలేక అనేశాను: "ఆ తూము దగ్గర ఏముందండీ అత్తయ్యగారూ?"

"తూమా! తూమంటావేంటమ్మా? రైలు వంతెనది!"

రిక్షా అతను కిసుక్కున నవ్వాడు. ఇక మొదలు. రాయి పడవల మీద వచ్చిందట. సున్నం గానుగలో తిప్పారట. కాకినాడ నుంచి రైలు దీని మీదుగానే రేవు దాకా వచ్చేదట. యుద్ధం రోజుల్లో దొరలు పట్టాలు పీకి పట్టుకుపోయారట. వెళ్ళినప్పుడల్లా ఇదే పురాణం. నాకు కంఠతా వచ్చేసింది. ఆవిడ ఎక్కడైనా ఆగితే నేనే అందించేదాన్ని.

ఆవిడ పుట్టింటి ఊళ్ళో ఒక నానుడి ఉంది. ఎవరైనా ఏదైనా చేస్తానని చెప్పి చెయ్యకపోతే "గ్యాంగుమాను మాట" అంటారు. ఓసారి మేం భోజనాల దగ్గర ఉండగా పక్కింటావిడ వచ్చి, "దింపు తీసేవాడు రేపొచ్చి కొబ్బరికాయలు దింపుతానన్నాడండీ. గ్యాంగుమాను మాటే!" అంది. భలే ఉందని నేను నవ్వాను. మా అత్తగారి చెయ్యి కంచంలో ఆగిపోయింది. ఆ పూట ఇంకో ముద్ద తినలేదు.

తిరుగుదారిలో వంతెన దగ్గర నేనే అడిగాను, ఏమైందండీ అని.

"ఆ గ్యాంగుమాను మా నాన్నేనమ్మా. ఈ లైను చూసుకునేవారు. పట్టాలు ఆయన చేతే పీకించేరు. ఊరంతా దుమ్మెత్తి పోసింది. వంతెన ఉంచేరు కదండీ, ఉంచేరంటే మళ్ళీ రైలొస్తుందండీ అని ఇంటింటికీ వెళ్ళి చెప్పేరు. పోయేదాకా అదే చెప్పేరు. ఆయన పోయేరు, మాట మిగిలింది. రైలొక్కసారి వస్తే చాలు, ఇంకెవరూ ఆ మాట అనరు."

రిక్షాలో కూర్చుని ముక్కు తుడుచుకున్నాను. అప్పట్నుంచీ నా విసుగు ఆవిడ మీద నుంచి రైలు మీదికి మళ్ళింది.

అబ్బ, ఎన్నిసార్లు తిప్పారమ్మా! ఎన్నికలొస్తే రైలొచ్చేస్తోందనేవారు. కొలతలవాళ్ళు దిగారని ఆవిడ పుట్టింటి నుంచి కబురొచ్చేది. ఈవిడ ఇస్త్రీ చీర కట్టుకుని తయారు. పనులన్నీ వదిలేసి నేను వెంట. తీరా వెళ్తే నాలుగు ఎర్రజెండాలు గుచ్చి పోయి ఉండేవారు. ఆ జెండాల గుడ్డ పిల్లలు పీక్కుపోయేవారు. నేను పళ్ళు నూరుకునేదాన్ని. ఆవిడ మాత్రం, "కొలిచేరు కదా" అనేవారు.

రెండువేలు దాటాక నిజంగానే పట్టాలేశారు. అయితే ఈ వంతెన మీద కాదు. దీన్ని అలాగే వదిలేసి, పక్కన సిమెంటుది కట్టారు.

"పాతదండీ, మొయ్యలేదు," అన్నాడు అక్కడి ఇంజనీరు.

"ఆయ్, ఎందుకు మొయ్యదండీ? మా నాన్న ఉండగా మోసింది!" అని ఆవిడ ఆయనతో పేచీ. చెయ్యి పట్టి లాక్కొచ్చేసరికి నాకు చెమటలు పట్టాయి.

చివరికి రైలొచ్చింది. ఏం రైలు? ఒక్కటే పెట్టె! ఇంజనన్నా వేరే లేదు. రైలుబస్సట. "బస్సుకి ఇనప చక్రాలేసేరండీ," అని జనం ఒకటే నవ్వులు. ఇన్నేళ్ళు ఎదురుచూసింది ఈ ముచ్చటకా అని నా ఒళ్ళు మండిపోయింది. మా అత్తగారు మాత్రం గాభరాగా ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నారు. పాత వంతెన పక్కకి రాగానే చెయ్యి బయటికి చాపి, "వచ్చేసింది నాన్నా!" అని కేకేశారు. పెట్టెలో అందరూ తిరిగి చూశారు. నాకు ఏడుపు ఆగలేదు.

పుట్టింటి ఊళ్ళో దిగాం. మధ్యాహ్నం అందరం భోజనాలకి కూర్చున్నాం. మళ్ళీ అదే పక్కింటావిడ వచ్చింది.

"చూడండి, దింపు తీసేవాడు ఇవాళొస్తానని ఇంతవరకూ పత్తా లేడు. గ్యాంగుమాను మాటే!"

రైలొచ్చినా ఆ మాట చావలేదు! ఆవిణ్ణి ఏదో అనబోయాను. ఈలోపు మా అత్తగారు అన్నంలోకి పులుసు కలుపుకుంటూ తల కూడా ఎత్తకుండా అన్నారు.

"అయితే వస్తాడులెండి. కాస్త ఆలస్యమవుద్ది."