మా మరదలు రోలర్ కోస్టర్ ఎక్కిన కథ

మా మరదలు కాంతమణికి రెజిమెంటల్ బజార్‌లో ఫాల్, పికో దుకాణం ఉంది. రెండు కుట్టుమిషన్లు, ఒక బల్ల, గోడ నిండా రంగురంగుల దారపు రీళ్లు. చీర తెచ్చిన ఆడవాళ్లు చీర ఇచ్చి వెళ్లిపోరు. కూర్చుంటారు, ఇంటి సంగతులన్నీ చెప్పుకుంటారు. అందుకే బజారులో ఏ కోడలు ఏ అత్తతో మాట మానేసిందో ముందు కాంతమణికి తెలుస్తుంది, ఆ తర్వాతే ఆ అత్తకు తెలుస్తుంది.

చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడిపోయింది. ఆ కాలికి ఇనుప కడ్డీల క్యాలిపర్ తొడుక్కుని, చేతికర్ర పట్టుకుని నడుస్తుంది. దూరం వెళ్లడానికి, వెనక అదనంగా రెండు చక్రాలు బిగించిన స్కూటర్ ఉంది. దాని మీద ఆమె పద్మారావు నగర్ మలుపు తిరిగితే ట్రాఫిక్ పోలీసు లేచి సెల్యూట్ కొడతాడని నేను అందరికీ చెప్తుంటాను. కొట్టింది సెల్యూట్ కాదు, చలానా అని కాంతమణి సరిచేస్తుంది. నా కథలు ఎంత ఎత్తుకు ఎగిరినా తోక పట్టుకుని కిందికి లాగడం ఆమెకు మొదటినుంచీ సరదా.

వయసు అరవైకి దగ్గరపడింది. పెళ్లి ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "నా మిషన్‌కు కోపమొస్తది" అంటుంది. తన సంపాదన, తన ఇల్లు, తన మాట. కొరత అంటూ ఉంటే ఒక్కటే. ఏటా నుమాయిష్ ఎగ్జిబిషన్‌కు మేమంతా కలిసి వెళ్తాం. జెయింట్ వీల్ దగ్గరికి రాగానే అందరి సంచులు, స్వెటర్లు, పిల్లలు సగం తిన్న మొక్కజొన్న కంకులు కాంతమణి ఒళ్లోకి చేరతాయి. "నువ్వెట్లాగూ ఎక్కవు కదా" అని కూడా అనేవాళ్లం కాదు. అనకుండానే ఇచ్చేసేవాళ్లం. ఆమె కూర్చుని పైకి చూసేది. ఆ చూపులో ఏముందో ఆమె నోటితో చెప్పేదాకా మాలో ఒక్కరికీ తట్టలేదు.

నిరుడు డిసెంబర్‌లో చెప్పింది. మా అబ్బాయి హరికిషన్ కూతురు సృజన దుకాణంలో కూర్చుని ఫోన్ చూస్తోంది. ఔటర్ రింగ్ రోడ్డు అవతలి పార్కులో వికలాంగులకు పాస్ ఇస్తారట, లైన్‌లో నిలబడే పని లేదట, తోడుగా ఒకరిని తీసుకెళ్లొచ్చట అని పైకి చదివింది.

కాంతమణి మిషన్ ఆపింది. "గా పార్కుల రోలర్ కోస్టర్ ఉందా?"

"ఉంది చిన్న నానమ్మా. తలకిందులు గూడ చేస్తది."

"అయితే నేను ఎక్కుత."

నేను నవ్వాను. "ఎక్కి ఏం చేస్తవ్ కాంతం?"

"ఇన్నేండ్లు మీరు పైన అరుస్తుంటె కింద కూసోని విన్న. ఒక్కసారి నేను పైకి పోత బావా. గంతే."

నేను బల్ల మీది చీరలు మడతపెట్టడం మొదలుపెట్టాను.

ఆ వారమంతా మా ఇంట్లో కాంతమణి మీద ప్రేమ పొంగిపొర్లింది. పాస్ మీద తోడు వెళ్లేది ఒక్కరే మరి. హరికిషన్ రోజూ సాయంత్రం సమోసాలు తెచ్చి, "చిన్నమ్మా, నేను లేకుంటె నిన్ను ఎవరు పట్టుకుంటరు చెప్పు" అనేవాడు. ఆమె సమోసాలన్నీ తిని, ఎవరికీ మాట ఇవ్వలేదు.

ఆదివారం ఐదుగురం కారులో బయల్దేరాం. చీర అడ్డం పడుతుందని కాంతమణి సృజన పంజాబీ డ్రెస్ వేసుకుంది. పార్కు గేటు పక్కన పాస్‌ల కౌంటర్ దగ్గర ఒక అమ్మాయి కూర్చుని ఉంది. వికలాంగుల సదరం సర్టిఫికెట్ చూసి, "ఆంటీ మెట్లు ఎక్కుతారా?" అని మర్యాదగా అడిగింది.

ఇక్కడ మా ఆవిడ శ్యామలమ్మ గురించి చెప్పాలి. చెల్లెల్ని చిన్నప్పటినుంచి ప్రతి ఆఫీసుకూ తిప్పింది ఆమే. సర్టిఫికెట్‌కు, బస్ పాస్‌కు, రైలు రాయితీకి. ఉన్నది ఉన్నట్టు చెబితే "బాగానే ఉన్నది కదా" అని వెనక్కి పంపిన రోజులు చాలా ఉన్నాయి. కౌంటర్ కనబడగానే ఆమె గొంతు దానంతటదే వణుకుతుంది. నటన అనడానికి లేదు, అలవాటు.

"ఎక్కడి మెట్లు బిడ్డా!" అంది శ్యామలమ్మ, కొంగు కళ్లకు అద్దుకుంటూ. "మంచం దిగాలంటె ముగ్గురం లేపాలె. మస్తు తక్లీఫ్ పడుతున్నం."

నేనూ ఊరుకోలేకపోయాను. "ఒకసారి తుమ్మితె వారం దాకా కోలుకోలేదమ్మా" అన్నాను.

ఆ అమ్మాయి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఎంతో ప్రేమగా కాంతమణి చేతికి నారింజ రంగు పట్టీ కట్టింది.

కొంచెం దూరం నడిచాక కాంతమణి ఆగింది. "మంచం దిగనీకి ముగ్గురా? పొద్దుగాల పాలకు బండి మీద ఎవరు పోయిండ్రే?"

"ఊకో కాంతం. పాస్ వచ్చింది గదా."

రోలర్ కోస్టర్ దగ్గర లైను పాములా మెలికలు తిరిగి ఉంది. మేము పక్క దారిన నేరుగా ముందుకు వెళ్లాం. అక్కడ ఇన్‌చార్జి యామిని, ముప్పై ఏళ్ల మనిషి, పట్టీ చూసి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇది ఎక్కనియ్యం ఆంటీ. నారింజ పట్టీకి తోట రైలు, పడవ, అట్లాంటివే. ఇది మధ్యల ఆగిపోతే మెట్ల మీదకెల్లి దిగిరావాలె. అట్ల దిగగలిగినోళ్లకే ఆకుపచ్చ పట్టీ ఇస్తం."

కాంతమణి తల ఎత్తి పట్టాల వైపు చూసింది. శ్యామలమ్మ ముఖం పాలిపోయింది.

"అయ్యో, దిగుతది బిడ్డా! మా చెల్లె గుర్రం లెక్క ఉరుకుతది!"

"మౌలాలి గుట్ట ఎక్కింది" అని నేను అందుకున్నాను. "దిగేటప్పుడు నన్ను సుత ఎత్తుకొని దిగింది."

యామిని కౌంటర్‌కు ఫోన్ చేసి విన్నది. తర్వాత మా వైపు చూసింది. "మంచం దిగాలంటే ముగ్గురు లేపాలన్నరంట?"

హరికిషన్ మా ఎవరికీ సంబంధం లేని మనిషిలా ఐస్‌క్రీం బండి వైపు తిరిగాడు.

"బావా, నువ్వు నోరు మూస్కో" అంది కాంతమణి. "అక్కా, నువ్వు సుత." ఆ తర్వాత యామినికి ఎదురుగా నిలబడింది. "బిడ్డా, వీళ్లు అక్కడ చెప్పింది అబద్ధం, ఇక్కడ చెప్పింది గూడ అబద్ధమే. నేను చెప్త విను. రెయిలింగ్ పట్టుకొని ఎక్కుత. నాకు నిలబడి దిగరాదు, కూసోని దిగుత. మా ఇల్లు మేడ మీద, రోజు గట్లనే దిగుత. చేతులు గట్టివి. నీ మెట్లు ఏవో చూపియ్యి."

"అందరు చూస్తున్నరే" అని శ్యామలమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"చూడనియ్యి. టికెట్ కొన్నరు గదా."

పక్కనే అత్యవసరానికి కట్టిన ఇనుప మెట్లున్నాయి. కర్ర సృజనకు ఇచ్చి, రెయిలింగ్ పట్టుకుని, ఒక్కొక్క మెట్టే పైదాకా ఎక్కింది. క్యాలిపర్ మోకాలి దగ్గరి లాకు తీసి కూర్చుంది. రెండు చేతులూ ఆనించి, శరీరాన్ని లేపి, కింది మెట్టు మీదికి. మళ్లీ లేపి, ఇంకో మెట్టు. డ్రెస్‌కు దుమ్ము అంటుకుంది. లైన్‌లో ఉన్నవాళ్లు ముందుకు వంగి చూశారు. నేను చదివిన కాన్వెంట్‌లో మెట్ల మీద ఇట్లా దిగితే సిస్టర్ మోకాళ్ల మీద నిలబెట్టేది. ఆ రోజు అక్కడుంటే ఆ సిస్టరే పక్కకు జరిగి దారి ఇచ్చేది.

"మమ్మీ, ఆ ఆంటీ జారుబండ ఆడుతున్నదా?" అని ఒక చిన్నపిల్ల గట్టిగా అడిగింది. వాళ్లమ్మ దాని నోరు మూసింది.

"ఔ బిడ్డా" అంది కాంతమణి ఇంకో మెట్టు దిగుతూ. "జెర ఆగు, అయిపోతది."

కిందికి వచ్చేసరికి చెమట పట్టింది. యామిని తనే ముందుకొచ్చి కర్ర అందించింది. వాకీటాకీలో ఏదో చెప్పి, ఆకుపచ్చ పట్టీ తెప్పించి, నారింజది కత్తిరించి పడేసింది.

"తోడు ఎవరొస్తరు ఆంటీ? ఆగిపోతే మీ కర్ర పట్టుకొని ముందు దిగాలె."

హరికిషన్ ఐస్‌క్రీం బండి మరచిపోయి ఒక్క అంగలో వచ్చాడు. కాంతమణి అతన్ని దాటి చూసింది. "సృజన వస్తది. నాకు లంచం పెట్టనిది అదొక్కతే."

ఇద్దరూ కూర్చున్నారు. ఇనుప కడ్డీ ఒళ్లోకి దిగి బిగిసింది. పెట్టెలు కటకటమంటూ పైకెక్కుతుంటే శ్యామలమ్మ నా మోచెయ్యి గోళ్లతో పట్టుకుంది. పైన ఒక్క క్షణం ఆగినట్టనిపించింది. తర్వాత సృజన వేసిన కేక బన్సీలాల్‌పేట్‌లో మా చుట్టాలకు వినబడి, వాళ్లు ఫోన్ చేశారు. కాంతమణి గొంతు మాత్రం వినబడలేదు. పెట్టెలు తలకిందులై తిరుగుతున్నాయి, ఆమె ఏమైపోయిందోనని నాకు నిజంగానే పరేషాన్ మొదలైంది.

బండి వచ్చి ఆగింది. కాంతమణి జడ విడిపోయి, జుట్టంతా ముఖం మీద పడి ఉంది. కళ్లు పెద్దవై మెరుస్తున్నాయి.

"ఏమైందే? భయమైందా?" అని శ్యామలమ్మ ఏడుపు గొంతుతో అడిగింది. ఈసారి వణుకు అలవాటుది కాదు.

"మస్తు భయమైందక్కా" అంది కాంతమణి, జుట్టు వెనక్కి తోసుకుంటూ. "నోరు సుత తెరవరాలే. పానం గొంతులకొచ్చింది." యామిని వైపు తిరిగింది. "మళ్ల ఎప్పుడు ఎక్కనిస్తవ్?"

"పాస్ ఉన్నా గంట ఆగాలె ఆంటీ. అది రూలు."

"ఆగుత బిడ్డా. భయపడనీకి గూడ టైం కావాలె గదా" అని కాంతమణి నీడలో ఉన్న బెంచీ చూసుకుని, కాలు చాపి హాయిగా కూర్చుంది.