డాక్టరుగారి మలబద్ధకం

సూదుల డాక్టరుగారికి ఒకటే పిచ్చి: తన మలబద్ధకం గురించి కనబడినవాళ్లందరికీ చెప్పుకోవడం. వెన్నుపూస దెబ్బతిన్నవాళ్ల వార్డులో అడుగు పెట్టడమే ఆలస్యం, "నాకివాళ కూడా కాలేదర్రా!" అని కేకేసేవారు. కిటికీ అవతల గోడకి రంగు వేసేవాడు కూడా నిచ్చెన మీద నుంచి "అయ్యో పాపం" అనేవాడు.

ఆ రోజులు తలుచుకుంటే, అప్పట్లో ఆ వార్డులో ఉన్న కరెంటు లైన్‌మన్‌కి ఇప్పటికీ నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం నవ్వే స్థితిలో లేడు. కరెంటు స్తంభం మీద నుంచి పడ్డాక నడుం కింద స్పర్శ పోయింది. కాళ్లు పడిపోయాయని అందరూ ఏడ్చారు. పేగులు కూడా మొరాయించిన సంగతి ఎవరికి చెప్పుకుంటాడు? పక్క పాడైతే పరువు పోతుందని తిండి మానేశాడు. నర్సు అడిగినప్పుడల్లా "అయిందమ్మా" అని బొంకాడు. భార్య తెచ్చిన క్యారియర్ తెచ్చినట్టే తిరిగి వెళ్లేది. ఇలా చిక్కిపోతే మనిషి దక్కడని ఆవిడ హడలిపోయింది.

ఒకరోజు డాక్టరుగారు అతని మంచం మీద చతికిలబడ్డారు. "మూడు రోజులయ్యా! నీకేం, రోజూ దర్జాగా అవుతోందట. ఆ కిటుకేదో నాకూ చెప్పి పుణ్యం కట్టుకో."

లైన్‌మన్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఐదండీ."

"ఏంటి ఐదు?"

"రోజులు."

"అమ్మ దొంగా! నన్నే మించిపోయావే!"

ఆ పూటకి నర్సు చేత ఎనిమా ఇప్పించి, మర్నాడు సూదులు మొదలుపెట్టారు. పొట్ట మీదా కాళ్ల మీదా సన్నటి సూదులు గుచ్చి, క్లిప్పులు తగిలించి, చిన్న పెట్టెలోంచి కాస్త కరెంటు పంపడం ఆ వైద్యం. లైన్‌మన్ ప్రాణం ఊరుకుంటుందా? "ఆగండాగండి! ముందు లైన్ ఆఫ్ చేశారా? ఎర్త్ ఉందా?"

"బ్యాటరీ పెట్టెకి ఎర్తేంటయ్యా, నా తలకాయ!"

సూదులతో పాటు వేళకి తిండి, వేళకి కూర్చోవడం. ఐదో వారం ఒక పొద్దున అనుకున్న వేళకే పని జరిగింది. లైన్‌మన్ చక్రాల కుర్చీలో కారిడారంతా తిరుగుతూ "డాక్టరుగారూ, సప్లై వచ్చేసింది!" అని అరిచాడు. ఆ రోజు భార్య ఖాళీ క్యారియర్ ఒళ్లో పెట్టుకుని ఏడుస్తూనే నవ్వింది.

"అదృష్టవంతుడివి. నాకింకా కాలేదు" అని డాక్టరుగారు నిట్టూర్చారు.

లైన్‌మన్‌కి జాలేసింది. మధ్యాహ్నం భోజనం తెచ్చిన డాక్టరుగారి భార్యని ఆపి, "అయ్యగారి కడుపు ఇంకా దారిన పడలేదా అమ్మా?" అని అడిగాడు.

"ఆయన కడుపుకేం రోగం? పెళ్లయిన నాటి నుంచీ చూస్తున్నా, ఆరు కొట్టిందంటే బాత్రూం ఆయనదే!"

"అమ్మ దొంగా!" అని లైన్‌మన్ లోలోపలే అనుకున్నాడు.

మర్నాడు పక్క మంచంలోకి కొత్త రోగి వచ్చాడు. గోడవైపు తిరిగి పడుకున్నాడు, కంచం ముట్టలేదు. నర్సు అడిగితే "అయింది" అని గొణిగాడు. ఇంతలో డాక్టరుగారు వచ్చి తన గోడు మొదలుపెట్టారు.

గంట కిందటే హాయిగా పని ముగించుకొచ్చిన లైన్‌మన్ మొహం వేలాడేసుకుని, పక్క మంచానికి వినబడేలా అన్నాడు: "మీరు నయం డాక్టరుగారూ! నాకు నాలుగు రోజులు!"

కొత్తతను మెల్లగా ఇటు తిరిగాడు.