తొట్టిలో అల్లుళ్లు

"నీ పేరు బయటికి రాదు" అనే మాట ఎవరి నోట విన్నా నాకు నాటుకోడి పులుసు వాసన వస్తుంది. ఆ వాసనకు మా వైపు జనమంతా లొట్టలేస్తారు. నేను మాత్రం పెళ్లిళ్లకు పోయినా, జాతరలకు పోయినా ఆ పులుసు వడ్డించే బంతిలో కూర్చోను. చుట్టాలు ఇదేదో మొక్కు అనుకుంటారు. మొక్కూ కాదు, పాడూ కాదు, అసహ్యం.

తొంభైల్లో నేను పుంగనూరులో ఒక కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరుగా ఉండేవాణ్ణి. మాది మెట్ట సేద్యం. వాన పడితే చెనిక్కాయలు, పడకపోతే ఆకాశం వైపు చూపులు. మా ఇంట్లో నాగలి పట్టకుండా నెల జీతం తెచ్చిన మొదటివాణ్ణి నేనే. జీతం సంగతి అటుంచితే, ఆ పనంటే నాకు ప్రాణం. పునాదికి ముగ్గు పోసి దారం కట్టేటప్పుడు, పొద్దున్నే కడ్డీలు వంచే చప్పుడు వినేటప్పుడు, ఈ జన్మకు ఇంకో పని వద్దనిపించేది. సివిల్ డిప్లొమా చదివింది అందుకే.

మా కాంట్రాక్టరు సర్కారు పనులు తప్ప వేరేవి ముట్టేవాడు కాదు. బడి గదులు, కల్వర్టులు, ఆసుపత్రి ప్రహరీలు. నుదుట విభూది, నోట్లో తేనె. శనివారం ఒంటిపొద్దు. కూలోళ్లను కూడా "అప్పా", "అమ్మా" అనే పిలిచేవాడు. ఊళ్లో ఆయన్ని మించిన పెద్దమనిషి లేడని నేనూ నమ్మినవాణ్ణే, ఆయన ఇంటి వెనక ఉండే రాతి తొట్టిని చూసేదాకా.

అది ఒకప్పుడు ఎద్దులు నీళ్లు తాగిన తొట్టి. ఎద్దులు పోయాక అందులో క్యూబులు ఉండేవి. స్లాబు పోసే రోజున అదే కాంక్రీటును కొంచెం తీసి, జానెడు కూడా లేని ఇనుప పెట్టెల్లో నింపి, గట్టిపడ్డాక నీళ్లలో నానబెట్టి, తర్వాత పరీక్షకు పంపాలి. అక్కడ మిషన్లో పెట్టి నలగ్గొడతారు. క్యూబు గట్టిగా నిలబడితే స్లాబు గట్టిదని లెక్క. రూలు మంచిదే. అన్నం మెతుకు పట్టి చూసి కుండంతా ఉడికిందో లేదో చెప్పినట్టు.

మా కాంట్రాక్టరు పద్ధతి వేరే. మెతుకులు విడిగా వండించేవాడు. స్లాబుతో సంబంధం లేకుండా, తన పెరట్లో, కొత్త సిమెంటు బస్తా విప్పించి, కడిగిన ఇసుకతో, ఏరిన కంకరతో క్యూబులు పోయించేవాడు. వాటిని ఆ తొట్టిలో నానబెట్టి, నీళ్లు తగ్గకుండా ఇంటి ఆడవాళ్లను పొద్దూమాపూ చూస్తుండమనేవాడు. మా మేస్త్రీలు వాటికి అల్లుళ్లు అని పేరు పెట్టినారు. "అల్లుళ్లకు స్నానాలైనాయా?" అని ఒకరినొకరు అడిగి నవ్వుకునేవాళ్లు. ఈ పద్ధతి ఆయన ఒక్కడిదే కాదు, దాన్నెవరూ దొంగతనం అనుకునేవాళ్లూ కారు. పండక్కి ఇల్లు అలికినంత మామూలుగా చేసేవాళ్లు. నేను మొదట్లో నవ్వినవాళ్లలోనే ఉన్నాను.

నవ్వు పోయింది సోమల దగ్గర ఒక పల్లెలో బడి గది కట్టేటప్పుడు. మండే ఎండలు. స్లాబు పోసినాక దాని మీద మడులు కట్టి నీళ్లు నిలపాలి, లేకపోతే అది గట్టిపడదు. ట్యాంకరు ఒకసారి వచ్చింది, తర్వాత రాలేదు. ఇసుక వాగులో తోడింది, సగం మన్ను. సిమెంటు ఎంత పడిందో పోసినవాళ్లకు తెలుసు, చూసిన నాకు తెలుసు. కింద కొట్టిన చెక్కలు విప్పేసరికి స్లాబు అడుగున తేనెతుట్టెలాగా బొక్కలు, బొక్కల్లో కడ్డీలు. స్కూటరు తాళంచెవితో గీకితే ఇసుక జలజలా రాలింది. ఆ ఊరి బడి అయ్యవారు నా పక్కనే నిలబడి ఉన్నాడు. నెత్తిన పడిన ఇసుక దులుపుకుంటూ, "ఏమప్పా, దీని కింద పిల్లోళ్లను కూర్చోబెట్టొచ్చు గదా?" అని అడిగినాడు. అనుమానంతో కాదు, నమ్మకంతో అడిగినాడు. అదే నన్ను కాల్చింది.

కాంట్రాక్టరుకు చెబితే ఆయన కోప్పడలేదు. "పూత పూయించు, సున్నం కొట్టించు, క్యూబులు పాసవుతాయి. నువ్వు యాల ఇదవుతాండావు?" అన్నాడు. అక్కడ పెరట్లో అల్లుళ్లు చల్లగా మునిగి ఉన్నారు. ఇక్కడ పిల్లల నెత్తి మీదికి పోయే స్లాబుకు గుక్కెడు నీళ్లు లేవు.

కడ్డీలు కట్టే కట్టుకంబి తెస్తానని చెప్పి మదనపల్లె బస్సెక్కినాను. పని మీద అధికారం ఉన్న పెద్ద ఇంజనీరును కలిసినాను. నిమ్మళంగా విన్నాడు. మధ్యలో టీ తెప్పించి నాకూ ఇప్పించినాడు. అంత పెద్ద ఆఫీసరు నా చేతికి గ్లాసు ఇప్పించేసరికి నా కళ్లలో నీళ్లు తిరిగినాయి. స్లాబు సంగతీ చెప్పినాను, తొట్టి సంగతీ చెప్పినాను. "సార్, నా పని పోతుంది. నా పేరు మాత్రం..." అన్నాను. "నీ పేరు బయటికి రాదప్పా. నేనుండాను గదా" అన్నాడు. ఆ రోజు తిరుగు బస్సులో సీటు దొరక్కపోయినా నాకు కాళ్లు నొప్పి పుట్టలేదు.

కొన్నాళ్లకు ఆయన జీపులో తనిఖీకి వచ్చినాడు. అప్పటికి గదికి సున్నం కొట్టి ఉంది. లోపలికి వచ్చి, తలెత్తి చూసి, "తెల్లగా ఉండాది" అన్నాడు. కట్టె తెప్పించి ఒకచోట తట్టినా చాలు, పూత ఊడి చేతిలోకి వచ్చేది. తట్టలేదు. నేను ఆయన కళ్లలోకి చూస్తూ నిలబడినాను. ఆయన చేతిగడియారం చూసుకున్నాడు. భోజనాల వేళయింది.

మా వైపు ఒక ఆచారం ఉండేది. తనిఖీకి వచ్చిన ఆఫీసరు కాంట్రాక్టరు ఇంట్లో భోంచేయాలి, ఆ పని చూసే సూపర్‌వైజరు వడ్డించాలి. ఆఫీసరుకు గౌరవం, కాంట్రాక్టరుకు పరపతి, సూపర్‌వైజరుకు తన మొహం ఆఫీసరుకు గుర్తుండే భాగ్యం. ఆ ప్రకారం పుంగనూరులో ఆయన ఇంట్లో అరిటాకు వేసి, రాగిసంగటి ముద్ద పెట్టి, ఊరిబిండి పచ్చడి పెట్టి, నాటుకోడి పులుసు పోసినాను. ఎవరి మీద ఫిర్యాదు చేసినానో వాళ్ల వంటను, ఎవరికి ఫిర్యాదు చేసినానో ఆయనకు నేనే వడ్డించినాను. ఇది విన్న ఈ కాలం పిల్లలు కట్టుకథ అంటారు. అక్కడ ఉన్నవాళ్లెవరికీ అందులో వింత కనబడలేదు.

"ఈ పిల్లోడు మా సూపర్‌వైజరు సార్. శానా బుద్ధిమంతుడు" అన్నాడు కాంట్రాక్టరు, ముద్ద పిసుకుతూ.

ఆఫీసరు ఎముక చీకుతూ తలెత్తలేదు. "తెలుసులేప్పా. మొన్న నా రూముకొచ్చినాడు గదా. నీ స్లాబు గురించి, నీ తొట్టి గురించి అంతా చెప్పినాడు. మనోళ్లను కొంచెం చూసుకోవాలప్పా" అన్నాడు. అని, ఎముక ఆకు పక్కన పెట్టి, నా వైపు చూసి, "ఇంకొంచెం పులుసు పోయప్పా" అన్నాడు.

పోసినాను. గిన్నె పట్టుకున్న చెయ్యి, వంగిన నడుము, అలవాటు కొద్దీ పోసేసినాయి. ఆయన గొంతులో పగ లేదు, బెదిరింపు లేదు. పొరుగింటి కోడి మీ దొడ్లోకి వచ్చిందని చెప్పినంత మామూలుగా చెప్పినాడు. నన్ను అమ్మినందుకు ఆయనకు ముట్టింది బహుశా ఆ రెండో గరిటె పులుసే. లంచం తిని చెప్పి ఉంటే కనీసం నాకూ ఒక వెల ఉందనుకునేవాణ్ణి.

ఆఫీసరు చేతులు కడుక్కున్నాక కాంట్రాక్టరు తువ్వాలు అందించి, వక్కాకు ఇచ్చి, జీపు దాకా పోయి సాగనంపి వచ్చినాడు. వచ్చి, నా ముందు నిలబడి, "తిన్నింటి వాసాలు లెక్కబెడతావంటప్పా?" అన్నాడు. అప్పుడు కూడా అప్పా అనే అన్నాడు. "రేపట్నుంచి రావద్దులే."

ఆ మాటకు జవాబు నాకు చాలా రోజుల తర్వాత దొరికింది. నేను తిన్న ఇల్లు ఎవరిది? ఆ బడి గది డబ్బు ఆయన తాత కూడబెట్టింది కాదు. అగ్గిపెట్టె కొని పన్ను కట్టిన ప్రతివాడిదీ, బీడీ కట్ట కొన్న మా నాయనదీ. నాకు జీతం వచ్చింది అందులోంచే, ఆయన కోళ్లు మేసిందీ అందులోంచే. ఆ ఇంటి వాసాలు లెక్కపెట్టడానికే కదా సూపర్‌వైజరని నన్ను పెట్టింది!

సర్కారు గుమాస్తా చెయ్యి చాపి పట్టుబడితే సస్పెండు చేస్తారు. ఇంట్లో కూర్చున్నా సగం జీతం వస్తుంది, సంఘంవాళ్లు గేటు ముందర అరుస్తారు, కోర్టు ఉంది. తప్పు చేసినవాడికే ఇన్ని దిక్కులు. సర్కారు పనే చేస్తూ తప్పు జరుగుతోందని చెప్పిన నాకు ఒక్కటీ లేదు, ఎందుకంటే నేను కాంట్రాక్టరు మనిషిని. నన్ను పనిలో పెట్టుకున్నట్టు కాగితం లేదు, తీసేసినట్టూ కాగితం లేదు. అడిగితే ఆఫీసువాళ్లు, "నువ్వు మా ఉద్యోగివి కాదు గదప్పా" అన్నారు. మరి మొన్న టీ ఎవరికి ఇప్పించినారు?

మా నాయన అంతా విన్నాడు. "సెప్పింది మంచి పనే. ఆయప్పకు యాల సెప్పినావురా?" అన్నాడు. మరి ఎవరికి చెప్పాలి నాయనా అంటే, దుడ్డుకర్ర తీసుకుని చేని దారి పట్టినాడు.

పుంగనూరులో నాకు పని పుట్టలేదు. మదనపల్లెలో కూడా, కాంట్రాక్టర్లందరూ ఒకే టెండరు పెట్టె ముందర కూడేవాళ్లే కాబట్టి, నేను పోకముందే నా కథ పోయి కూర్చునేది. కుప్పం అయితే అటు తమిళం, ఇటు కన్నడం, మన గొడవ అంత దూరం రాదులే అనుకుని పోయినాను. అక్కడ కల్వర్టు పనిలో ఒకాయన పెట్టుకున్నాడు. నా పని చూసి మెచ్చుకున్నాడు కూడా. ఒక పొద్దున ఎస్టీడీ బూతు నుంచి వచ్చి, నా భుజం మీద చెయ్యి వేసి, "పుంగనూరు వాళ్లు సెప్పినారప్పా. నువ్వు మంచోడివే. నీతో అదే కష్టం" అన్నాడు. ఆ చెయ్యి మెత్తగానే ఉంది. అందరి చేతులూ మెత్తనివే. నన్ను ఒక్కరైనా గట్టిగా తిట్టి ఉంటే తిరిగి తిట్టి ఉండేవాణ్ణి.

అంతటితో ఆ పని నాకు అయిపోయింది. దారం కట్టడం, ముగ్గు పోయడం, అన్నీ. మదనపల్లెలో ఒక సిమెంటు, ఇనుము అంగట్లో గుమాస్తాగా చేరినాను. తర్వాత ఆ అంగడే నడుపుతూ వచ్చినాను. ఇతరులు కట్టుకునే ఇళ్లకు బస్తాలు ఎత్తించి పంపడం నా బతుకైంది. సోమల వైపు బడి గది కొన్ని వానలకే పెచ్చులు రాలింది. సెలవు రోజు కాబట్టి ఎవరికీ దెబ్బ తగల్లేదు. తలుపుకు తాళం వేసినారు, పిల్లలు పాత వసారాలోకి పోయినారు. విచారణ చేస్తే క్యూబులు పాసై ఉన్నాయి. అల్లుళ్లకు ఏ లోటూ లేదు.

రెండు వేల సంవత్సరం దాటినాక కాలం మారిందన్నారు. ఆఫీసుల గోడల మీద బోర్డులు లేచినాయి. అవినీతి కనబడితే చెప్పండి, మీ పేరు గోప్యంగా ఉంచుతాము. సమాచారం అడిగే హక్కు వచ్చింది, తప్పును బయటపెట్టినవాళ్లను కాపాడే చట్టం కూడా రావాలని పేపర్లలో రాసేవాళ్లు. రానీ, మంచిదే. నేను మాత్రం ఆ బోర్డు ముందు నిలబడినప్పుడల్లా అందులో కాంట్రాక్టరు కింద పనిచేసేవాడి మాట ఉందా అని వెతికేవాణ్ణి.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం అంగడి ముందు కారు ఆగింది. దిగింది ఆ ఆఫీసరే. రిటైరైనాడు, జుట్టు నెరిసింది, మనిషి చెక్కు చెదరలేదు. అంగళ్లు అనే ఊరి వైపు స్థలం కొన్నాడట, ఇల్లు కడుతున్నాడట. సిమెంటు బస్తా మీద చెయ్యి పెట్టి, కొత్త సరుకేనా అని అడిగి, ఇసుక కడిగించాలని, స్లాబు మీద మడులు కట్టి నీళ్లు నిలపాలని నాకే చెప్పినాడు. అన్నీ తెలిసినవాడే.

నన్ను గుర్తుపట్టలేదనుకున్నాను. గుర్తుపట్టే వచ్చినాడు.

"నువ్వు ఈడుండావని తెలిసే వచ్చినానప్పా. ఈ మేస్త్రీలను నమ్మేదానికి లేదు. మన కళ్లు కప్పి ఏం కలుపుతారో ఏమో. నీ అంత నిక్కచ్చి మనిషి నాకు యాడ దొరుకుతాడు? నువ్వొచ్చి నిలబడు. తప్పు కనబడితే దాచొద్దు."

బిల్లు పుస్తకం మూసి పక్కన పెట్టినాను. "తప్పు కనబడితే ఎవరికి చెప్పమంటారు సార్?" అని అడిగినాను.

ఆయన నవ్వినాడు. "ఎవరికేందప్పా, నాకే చెప్పు."

"అప్పుడు కూడా మీకే చెప్పినాను సార్" అన్నాను.